అర తవ్వ తక్కువ కుంచం: రత్నాలు సిస్టరు గారికి కొర్రపుట్టు వందనం

ఆ రోజు కొర్రపుట్టులోని మా ఇంట్లో మా నాన్నమ్మ సోములమ్మ, మా నాన్న సుక్రు, మా అన్న ధనరాజు, నెలలు నిండుతున్న మా వదిన చిన్నమ్మలు, నేను ఉన్నాం. అమ్మ వలిసె చేను కాపలాకు వెళ్ళింది. తాత మంగ్లు మంచం అప్పటికి ఏడాదిగా ఖాళీగానే ఉంది. శ్రీమతి రత్నాలు గారు భుజాన సంచితో మా గుమ్మం ముందు నిలబడి "ఎవులున్నారర్రా ఇంట్లో" అని అడిగినప్పుడు నాన్నమ్మ లోపలి నుంచి చెప్పిన పేర్లు ఇవే. అది 1985 నవంబరు నెల.

ఆ రోజు సంగతి రాయాలనే మన కార్యాలయ పత్రిక ఈ సంచికలో నేను కొంచెం చోటు అడిగాను. అయితే పదవీ విరమణ వ్యాసంలో ముందు ఉద్యోగంలో చేరిన తేదీ ఉండాలని మన ఆసుపత్రి డాక్టరు సర్వేశ్వరరావు గారు చెప్పారు. కార్యాలయం వారు ఇచ్చిన వివరాల ప్రకారం శ్రీమతి రత్నాలు గారు 1961వ సంవత్సరం జులై మూడవ తేదీన సాలూరులో సహాయ నర్సుగా ప్రభుత్వ సేవలో ప్రవేశించారు. వారి స్వస్థలం సాలూరుకు దగ్గరలోని రైతుల గ్రామం. వారి తండ్రిగారు సంతలకు ధాన్యం బండి తోలేవారు. అక్షరాలు బడిలోనూ, కొలతలు ఆ బండి మీదా నేర్చుకున్నానని వారు నాతో ఒకసారి అన్నారు. ఆ మాట ఈ వ్యాసంలో ముందుముందు పనికి వస్తుంది గనుక ఇక్కడే రాసి పెడుతున్నాను.

సాలూరులో ఎనిమిదేళ్ళు పనిచేసిన తరువాత, 1969లో వారిని అరకు కొండల మీది ఉపకేంద్రానికి బదిలీ చేశారు. అప్పటికి కొండల్లో ఇనుప రాయి మోసే రైలుబండ్లు తిరగడం మొదలై ఎంతో కాలం కాలేదు. బండి అయితే సొరంగాలు దాటి వచ్చేది గానీ, స్టేషను నుంచి మా ఊళ్ళకు కాలిబాటలే దిక్కు. కొండల మీదికి బదిలీ అంటే శిక్ష అని కింద అందరూ అనుకునే కాలం అది. ఏడాది తిరగకుండా అర్జీ పెట్టుకుని దిగి వచ్చేస్తారని సాలూరులో వారి తోటివారు నవ్వుకున్నారట. వారు దిగలేదు. మలేరియా మాత్రలూ, మశూచి టీకాలూ, పురుళ్ళూ చూసుకుంటూ, పదవీ విరమణ చేసే ఈ రోజు వరకూ అదే ఉపకేంద్రంలో ఉండిపోయారు.

తొలి రోజుల్లో మా వాళ్ళు వారిని ఇళ్ళలోకి రానిచ్చేవారు కారని నాన్నమ్మ చెబుతుంది. సూదులమ్మ వస్తోందని పిల్లలు కేకవేయగానే ఊళ్ళో తలుపులన్నీ వరసగా మూసుకునేవి. వారు తలుపు తట్టేవారు కారు. అరుగు మీద కూర్చుని, సంతకు వేయడానికి అక్కడ ఆరబోసిన చింతపండు దగ్గరకు లాక్కుని గింజలు తీసేవారు. పొద్దు వాలే వేళకు గింజలు ఒక పక్కా, పండు ఒక పక్కా చేసి వెళ్ళిపోయేవారు. ఒక ఇంట్లో అయితే తలుపు సందులోంచి ఎవరో చేయి చాచి, "ఈ బుట్ట కూడా సూడమ్మా" అని ఇంకో బుట్ట బయటికి తోశారట. ఆ బుట్ట పూర్తయ్యాకనే ఆ ఇంట్లో మొదటి టీకా పడింది. "మూసిన తలుపు మీద కోపగించకూడదే గుంటా, లోపలి మనిషికి భయం, అంతే" అని వారు నాకు పనిలో చేరిన మొదటి వారంలో చెప్పారు.

నేను పదో తరగతి ప్యాసై, పోయిన జూనులో వారి ఉపకేంద్రంలో తాత్కాలిక ఆయాగా చేరాను. అందుచేత వారి సహోద్యోగిని అని చెప్పుకునే హక్కు నాకు కొన్ని నెలలది మాత్రమే. అంతకు ముందు నేను వారు చూసే ఊళ్ళల్లో ఒక ఊరి పిల్లను. నేను చెప్పేది ఆ పిల్ల చూసిన సంగతి. అప్పుడు డైరీలో రాసుకున్నది గనుక మాటలు చాలావరకు అన్నవి అన్నట్టే ఉన్నాయి.

ముందు యంత్రం గురించి చెప్పాలి. రక్తపోటు చూడటానికి వారి దగ్గర చెక్కపెట్టెలో పాదరసం గొట్టం ఉండేది. గొట్టంలో పాదరసం ఎన్ని మిల్లీమీటర్లు పైకి ఎక్కితే అదే పోటు. నూట ఇరవై అంటే మంచిది, నూట నలభై అంటే జాగ్రత్త పడాలి, నూట ఎనభై అంటే ప్రమాదం. చదువు రాని వాళ్ళకు కూడా మా ఊళ్ళో ఈ అంకెలు తెలుసు. మా తాతకు నూట తొంభై వచ్చింది. మూతి వంకర పోయి, మాట పడిపోయి, ఆ వారంలోనే కాలం చేశాడు. అప్పటి నుంచి మా ఇంట్లో పెద్ద అంకె అంటే చావు, చిన్న అంకె అంటే బతుకు.

ఆ ఏడు వానల్లో గెడ్డ దాటుతుండగా రత్నాలు గారి కాలు జారి ఆ చెక్కపెట్టె రాళ్ళ మీద పడింది. గొట్టం పగిలి పాదరసం ఇసుకలోకి పోయింది. ఆసుపత్రి వారు దాని బదులు, విదేశాల దాతలు పంపిన సామానులోంచి ఒక కొత్త యంత్రం ఇచ్చారు. అందులో గొట్టం లేదు, పాదరసం లేదు. జేబు గడియారంలాంటి గుండ్రటి బిళ్ళ, అందులో ముల్లు. అంకెలు సున్నా నుంచి నలభై వరకే. ఆ దేశాల్లో పోటును మిల్లీమీటర్లలో కాక కిలోపాస్కళ్ళలో కొలుస్తారని, వచ్చిన అంకెను ఏడున్నరతో గుణిస్తే మన పాత లెక్క వస్తుందని డాక్టరు గారు వివరించారు. రత్నాలు గారు విని ఊరుకోలేదు. ఆసుపత్రిలోని పాదరసం యంత్రాన్నీ, ఈ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఒకే మనిషికి ఒకదాని తరువాత ఒకటి కట్టి చూశారు. ఫార్మసిస్టు జగన్నాథరావు గారు ఆ మధ్యాహ్నమంతా చొక్కా చేయి మడిచే ఉన్నారనీ, చివరికి "సిస్టరుగారూ, ఇంకొక్కసారి బిగించారంటే నాకు లేని పోటు వచ్చేలా ఉంది" అన్నారనీ ఆయనే నవ్వుతూ చెప్పారు. పదహారు అంటే నూట ఇరవై. అన్నిసార్లూ లెక్క సరిపోయింది.

ఆ కొత్త యంత్రంతో వారు మా ఇంటికి వచ్చారు. వదిన చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. అంతకు ముందు నెల పాత గొట్టంతో చూసినప్పుడు నూట నలభై వచ్చింది. అది తగ్గకపోతే కిందికి తీసుకుపోవాలని అప్పుడే చెప్పి వెళ్ళారు. ఆ నెలంతా ఇంట్లో అందరికీ అదే బెంగ. రత్నాలు గారు వదిన చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, చెవి గొట్టాలు పెట్టుకుని ముల్లు చూశారు. రెండోసారి కూడా చూశారు.

"ఎంతొచ్చింది సిస్టరమ్మా?" అని నాన్నమ్మ అడిగింది.

"ఇరవై రెండు."

నాన్నమ్మ రెండు చేతులూ జోడించి కొండ వైపు దండం పెట్టింది. "ఇరవై రెండే. నూట నలభై నుంచి ఇరవై రెండుకి దిగిపోయింది. ఒరే ధనరాజూ, ఆ ఎర్రపుంజుని పట్టరా. సిస్టరమ్మ తినకుండా కదలకూడదు ఇయాల."

అన్నయ్య అప్పుడే పెరట్లోకి దిగాడు.

"పుంజుని వొదిలీమను అప్పా. డోలీ కట్టించు" అన్నారు రత్నాలు గారు. నాన్నమ్మను వారు అక్క వరసతో అప్పా అనే పిలుస్తారు. "తగ్గలేదు. పెరిగింది."

నాన్న తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. డోలీ కట్టాలంటే నలుగురు మగవాళ్ళు కావాలి. కోతల రోజులు. అదీ గాక, పోయిన ఏడు తాతను డోలీలో దించి, డోలీలోనే వెనక్కి తెచ్చారు. ఆ కర్ర ముట్టుకోవడం నాన్నకు ఇష్టం లేదు. "సిస్టరమ్మా, నేను బడికెళ్ళలేదు గానీ సంతకెళ్ళాను" అన్నాడు. "ఇరవై రెండు పెద్దదేటి, నూట నలభై పెద్దదేటి?"

"ఈ మిషనికి లెక్క వేరు సుక్రూ."

"మనిషికో లెక్క, మిషనికో లెక్కా?"

ఆ మాటకు వారు కోపం తెచ్చుకోలేదు. "సరే, అందరూ కూకోండి" అని చెప్పి, వరసగా ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ పట్టీ కట్టారు. "నాకెందుకు, నేనేటి కంటన్నానా" అని, పుంజుని చంకలో పెట్టుకుని వచ్చిన అన్నయ్య వెనక్కి తగ్గితే నాన్నమ్మ జబ్బ పట్టుకుని కూర్చోబెట్టింది. అన్నయ్యకు పదిహేను. నాన్నకు పదహారు. నాకు పద్నాలుగు. నాన్నమ్మకు పద్దెనిమిది. "ఉప్పుసేప తగ్గించు అప్పా" అని ఆవిడకు చెప్పి, నాన్న వైపు తిరిగి, "సూసినావా, ఇంటిల్లిపాదిలోనూ ఎవులికి ఎక్కువుంది?" అన్నారు.

నాన్న ఆలోచించాడు. "కడుపుతో ఉన్న మనిషి. ఇద్దరి పోటూ ఒక్క సేతిలోనే తెలవాల కదా. ఎక్కువుండదేటి మరి?"

నాకు ఆ మాట నిజమే అనిపించింది. అన్నయ్యకు కూడా అనిపించినట్టుంది, తల ఊపాడు. రత్నాలు గారు జవాబు చెప్పేలోగా చాప మీది నుంచి వదిన మెల్లగా అంది:

"సిస్టరమ్మా, పొద్దుట్నించీ నాకు నువ్వే కాదు, అందరూ ఇద్దరిద్దరుగా అగుపిస్తన్నారు. తల పగిలిపోతంది."

ఎవరికీ చెప్పలేదా అని అడిగితే, కోతల వేళ పని తప్పించుకోవడానికే అంటారని చెప్పలేదంది.

రత్నాలు గారు యంత్రాన్ని సంచిలో పెట్టేసి నాన్నమ్మ ఎదుట చతికిలబడి కూర్చున్నారు. గొంతు పెంచలేదు. "అప్పా, శుక్రవారం సంతలో చింతపండు ఎవులికి ఏత్తావు?" అని అడిగారు. ఇప్పుడు చింతపండు సంగతి ఎందుకని మేమందరం వింతగా చూశాం.

"ఇంకెవులికి, ఆ సావుకారుకే" అంది నాన్నమ్మ. "సామలు కూడా ఆడికే కొలుత్తాను."

"ఆడు మనకి బదులు ధాన్యం కొలిచినప్పుడు కుంచానికి ఎన్ని తవ్వలు వత్తాయి?"

మా కొండల్లో కిలోలు వచ్చి చాలా కాలమైనా ఇంట్లో కొలతలు పాతవే. రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. నాన్నమ్మకు ఆ సావుకారు కుంచం పేరెత్తితే ఒళ్ళు మండుతుంది. "ఎనిమిది తవ్వలు రావాల. ఆడి కుంచం అడుగున సొట్ట. ఇంటికొచ్చి కొలిస్తే ఎప్పుడూ అర తవ్వ తక్కువే. నేను ఆడి మొహం మీదే అన్నాను, నీ కుంచం కుంచం కాదురా అని."

"అంటే ఏడున్నర తవ్వలు."

"ఏడున్నరే."

"అప్పా, నా పాత గొట్టం తవ్వతో కొలిచేది. ఈ కొత్త గడియారం ఆ సావుకారు కుంచంతో కొలుత్తాది. నేను ఇరవై రెండు అన్నాను. తవ్వలు కాదు, కుంచాలు. పోయిన నెల ఈ పిల్లకి నూట నలభై తవ్వల పోటు. ఇయాల ఇరవై రెండు కుంచాలు. ఏది ఎక్కువో నువ్వే కొలుసుకో."

నాన్నమ్మ వేళ్ళు మడవడం మొదలుపెట్టి, పది కుంచాల దగ్గర ఆగిపోయింది. రత్నాలు గారు నా వైపు చూశారు. "బడికెళ్తావు కదే గుంటా. ఇరవై రెండు ఏడున్నరలు ఎంతో కట్టు, బేగి."

పొయ్యి దగ్గరి బొగ్గుముక్క తీసుకుని నేల మీద కట్టాను. ఇరవై రెండు ఏళ్ళు నూట యాభై నాలుగు. ఇరవై రెండు అరలు పదకొండు. కింద మొత్తం రాసి ఊరుకున్నాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఆ అంకె చదవగలిగినవాళ్ళు ఆ ఇంట్లో రత్నాలు గారు తప్ప వేరే లేరు. వారు చదవలేదు. "పైకి సెప్పు" అన్నారు.

"నూట అరవై అయిదు" అన్నాను.

"తవ్వలా?" అని నాన్నమ్మ నన్ను అడిగింది.

"తవ్వలే."

"ఇంకో మూడు కుంచాల మీద కాస్త పడితే మంగ్లు బావ లెక్కే అప్పా" అన్నారు రత్నాలు గారు.

అన్నయ్య చంకలో పుంజు గింజుకుంటోంది. నాన్నమ్మ లేచి, తాత మంచం మీది దుప్పటి తీసి నాన్న చేతిలో పెట్టింది. "ఇంకా నిలబడి సూత్తావేటిరా. నీ పంట ఎక్కడికీ పోదు. నలుగుర్నీ కేకెయ్యి."

నాన్న కేకవేశాడు. డోలీ కర్రకు ఆ దుప్పటిని కట్టింది కూడా నాన్నే.

పొద్దు ఉండగానే రోడ్డు చేరారు. రత్నాలు గారు డోలీ వెంట నడుస్తూనే ఒక చీటీ రాశారు. అందులో "22 కిలోపాస్కళ్ళు" అని ఒక్కటే రాసి వదిలిపెట్టలేదు. దాని పక్కన "అనగా 165 మి.మీ. పాదరసం" అని కూడా రాసి కింద గీత గీశారు. మా నాన్న పడిన పొరపాటు ఆసుపత్రిలో ఇంకెవరూ పడకూడదని అలా రాశానని తరువాత చెప్పారు. డాక్టరు సర్వేశ్వరరావు గారు చీటీ చూసిన వెంటనే సూది మందు ఇచ్చి, జీపులో పెద్దాసుపత్రికి పంపారు. మర్నాడు వదినకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమంగా తిరిగి వచ్చాక నాన్నమ్మ పాపకు కుంచమ్మ అని పేరు పెడతానంది. అంత పని చేయవద్దని రత్నాలు గారే బతిమాలితే రాజులమ్మ అని పెట్టారు. నాన్నమ్మ ఇప్పటికీ కుంచీ అనే పిలుస్తుంది. ఎర్రపుంజు మాత్రం బతికిపోలేదు. పురుడు కడిగిన రోజున రత్నాలు గారు మా ఇంట్లో భోజనం చేశారు.

ఆ నెల సమావేశంలో రత్నాలు గారు ఈ సంగతి తోటి సిస్టర్లకు చెప్పారు. కొత్త యంత్రాలు ఇంకొన్ని ఉపకేంద్రాలకు కూడా వచ్చి ఉన్నాయి. ఏడున్నరతో గుణించాలనే మాట అందరూ విన్నదే గానీ, ఇళ్ళలో ఎలా చెప్పాలో తెలియక అందరూ ఇబ్బంది పడుతున్నారట. ఆనాటి నుంచి మన కార్యాలయంలో ఆ లెక్కకు సావుకారు కుంచం అనే పేరు స్థిరపడిపోయింది. కొత్తగా చేరినవారు ఆ మాట వాడుతున్నారు గానీ అది ఏ ఇంట్లో పుట్టిందో వారికి తెలియదు. అది మా ఇల్లు అని తెలియజేయడం కూడా ఈ వ్యాసం ఉద్దేశం.

పదో తరగతిలో మాకు పీడనం పాఠం వచ్చింది. సముద్రమట్టం దగ్గర గాలి బరువుకు పాదరసం 760 మిల్లీమీటర్లు నిలబడుతుందని, అదే పీడనం 101.3 కిలోపాస్కళ్ళు అని, కొందరు దానినే 1013 మిల్లీబార్లు అంటారని పుస్తకంలో ఉంది. పిల్లలందరూ పరీక్ష కోసం బట్టీ పడుతుంటే నేను 760ని 101.3తో భాగించి చూశాను. ఏడున్నర వచ్చింది. పక్కన కూర్చున్న అమ్మాయికి చెబితే, "అయితే ఏటి" అంది. నాకు మాత్రం ఆ రోజు మా ఇంటి నేల మీద బొగ్గుతో కట్టిన లెక్క, ఎక్కడో ఏ దేశంలోనో కట్టినా అలాగే వస్తుందని తెలిసి ఎంతో ధైర్యం కలిగింది. గాలి ఒకటే, పోటు ఒకటే, కొలిచే కుంచమే వేరు. సాయంత్రం ఉపకేంద్రానికి వెళ్ళి ఈ మాట చెబితే రత్నాలు గారు, "నువ్వు ట్రైనింగుకి దరకాస్తు పెట్టుకోవే" అన్నారు. నాన్న అడ్డు చెబుతాడనుకున్నాను. "ఆరోజు ఈ గుంట నోరు తెరవబట్టి కదా" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. ఆయాగా చేరింది ఆ పిలుపు వచ్చేదాకా పని నేర్చుకోవడానికే.

పిలుపు వచ్చింది. విజయనగరంలో నర్సు శిక్షణకు ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన హాజరు కావాలని ఉంది. రత్నాలు గారి సన్మానం కూడా ఆ రోజే. నలుగురిలో నిలబడి మాట్లాడటం నావల్ల కాదని అందరికీ తెలుసు. అయినా ఈ ఒక్కసారికి ఈ వ్యాసం నేనే చదవాలని మనసులో అనుకున్నాను. ఒక రోజు ఆలస్యంగా వెళ్తానని వారిని అడిగాను. "మొదటి రోజే ఆలీసంగా వెళ్ళిన నర్సుని ఎవులు నమ్ముతారే" అన్నారు. అందుచేత ఈ చివరి పేజీ రైలు పెట్టెలో కూర్చుని రాస్తున్నాను. బండి ఇప్పుడు టైడా దాటింది. రేపటి సభకు అందేలా దీనిని కొత్తవలసలో తిరుగు బండి గార్డు గారి చేతికి ఇస్తాను. అక్కడ చదివేది జగన్నాథరావు గారు.

వ్యాసం చివర ఆశీస్సులు ఉండాలి. నేను వయసులో చిన్నదాన్ని, పెద్దవారిని దీవించకూడదు, కోరుకోవచ్చు. దీవెన మా నాన్నమ్మ చేత అడిగి రాసుకున్నాను, ఆవిడ మాటల్లోనే పెడుతున్నాను: "సిస్టరమ్మ ఆయుస్సుని దేవుడు నిండు కుంచంతో కొలవాల. సావుకారు కుంచంతో కాదు." మా ఊరి వారందరి తరఫునా, ఆ రోజు ఇంట్లో ఉన్నవారి తరఫునా, ఆ రోజుకు ఇంకా పుట్టని రాజులమ్మ తరఫునా, శ్రీమతి రత్నాలు గారు ఆరోగ్యంతో, కంటిచూపు తగ్గకుండా, కొండెక్కే కాళ్ళు అలసిపోకుండా, మా మధ్యనే చాలా కాలం ఉండాలని కోరుకుంటున్నాను. సాలూరు వెళ్ళిపోక ఉపకేంద్రం పక్కనే ఇల్లు కట్టుకుంటున్నారని తెలిసి మా ఊళ్ళో అందరూ సంతోషించారు. గోడలకు రాయి మా నాన్నా, అన్నయ్యా మోస్తున్నారు.

ఈ ఉదయం స్టేషనుకు మా వాళ్ళందరూ వచ్చారు. వదిన పాపను ఎత్తుకుని నిలబడింది. బండి కూత వేసినా నేను లోపలికి వెళ్ళలేదు. పెట్టె గుమ్మంలోనే నిలబడి, దిగిపోతానని, రేపు సన్మానం అయ్యాక వెళ్తానని మళ్ళీ అన్నాను. రత్నాలు గారు కింద నుంచే తలుపు రెక్క పట్టుకుని, నా వైపు ఎత్తి చూశారు.

"అక్కడ రకరకాల మిషన్లుంటాయి. ముల్లు ఎక్కడుందో తరవాత సూడు. ముందు అది ఏ కుంచమో సూడు" అన్నారు. "ఎవులైనా అడిగితే పైకి సెప్పు."

అలాగేనండీ అని నేను పైకే చెప్పాను. వారు తలుపు వేసేశారు.